వెనక షూకి ఇచ్చిన మెమో

నేరేడుగుడ్డి డిపోలో బ్రేకు షూకి మొదటి మెమో గురువారంనాడు ముట్టింది. ముట్టింది అన్నది హెడ్డుగుమాస్తా కామేశంగారి మాట. ఆయన ఆ కాగితాన్ని ఆరో నంబరు బస్సు వెనక ఎడమ చక్రం నట్టుకి గుచ్చి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, "ముట్టినది" అని పుస్తకంలో రాసుకుని భోజనానికి వెళ్ళిపోయాడు.

ఆ చక్రం పక్కనే నేలమీద కూర్చుని టీ తాగుతున్న నూకరత్నం గ్లాసు కింద పెట్టేసింది. డిపోలో కాగితం ఏది కనబడినా ఆమె ముందు తన పేరుందేమోనని వెతుకుతుంది. లేచి వెతికింది. లేదు. పేరుండాల్సిన చోట "వెనుక షూ, ఎడమ చక్రం" అని ఉంది. అమ్మయ్య అనుకుని మళ్ళీ కూర్చుంది. అలా కూర్చోవడం ఎంత తొందరపాటో పాపం ఆమెకి తెలీదు.

నూకరత్నానికి ఇరవయ్యారేళ్ళు. తండ్రి పోలయ్య ఇదే డిపోలో బ్రేకుల మెకానిక్కు. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన పోయాడు. బడి మానేసి ఇల్లు చూసుకుంది. పద్దెనిమిది నిండగానే రవాణా సమితివాళ్ళు తండ్రి ఉద్యోగాన్ని, తండ్రి స్క్రూడ్రైవర్‌ని కలిపి ఆమె చేతిలో పెట్టారు. ఉద్యోగం కొత్తేగానీ పని కొత్త కాదు. చిన్నప్పుడు క్యారేజీ పట్టుకొచ్చి, ఆయన తిన్నంతసేపూ చక్రాల మధ్య ఆడుకున్న పిల్ల.

బ్రేకంటే చూడ్డానికి పెద్ద విషయమేం కాదు. చక్రంతోపాటు తిరిగే ఇనప డ్రమ్ము ఒకటి, బోర్లించిన గుండిగలా ఉంటుంది. దాని లోపల నెలవంకల్లాంటి రెండు షూలు ఎదురెదురుగా ఉంటాయి, ముందువైపుది ముందు షూ, వెనకవైపుది వెనక షూ. వాటి వీపుమీద లైనరని గరుకు పట్టీ. డ్రైవరు పెడలు తొక్కితే ఆయిలు తోసుకొచ్చి ఆ రెండింటినీ బయటికి నెడుతుంది. అవి డ్రమ్ముని లోపలినించి అదిమి పట్టుకుంటాయి. కాలు తీస్తే స్ప్రింగులు వెనక్కి లాగేసుకుంటాయి. తొక్కినకొద్దీ లైనరు అరుగుతుంది. అరిగినకొద్దీ షూకి, డ్రమ్ముకి ఎడం పెరుగుతుంది. ఎడం పెరిగితే పెడలు లోపలికి దిగిపోతుంది. బల్లపరుపు రోడ్డుమీద అది చిరాకు, ఘాటురోడ్డుమీద ప్రాణం మీదికొస్తుంది.

ఆ ఎడాన్ని సరిచెయ్యడమే నూకరత్నం పని. చక్రాన్ని జాకీమీద లేపి, వెనక రేకులో ఉన్న కన్నంలోంచి స్క్రూడ్రైవరు దూర్చి, లోపలి పళ్ళచక్రాన్ని ఒక్కో పన్నూ తిప్పాలి. బస్సు చక్రం కదలకుండా బిగిసేదాకా తిప్పి, అక్కణ్ణించి టిక్కు టిక్కుమని వదులు చేసుకుంటూ రావాలి. ఎంతదాకా అంటే పోలయ్య చెప్పిన కొలత ఒకటే. "సక్రం తిరగాల. అలగని ఊరికే తిరక్కూడదు. పక్కగదిలో ఎవులో గుసగుసలాడినట్టు సప్పుడుండాల."

నూకరత్నం ప్రతిరోజూ తెల్లారి డ్యూటీకి గంట ముందే వచ్చి ఆరో నంబరు బస్సుకి ఆ గుసగుస వినేది. ఎందుకంటే ఏడుంబావుకి ఆ బస్సు ఏడుమలుపుల ఘాటు దిగి కింద బడికి వెళుతుంది. అందులో ముప్ఫయ్యొక్కమంది పిల్లలుంటారు. ఆ ముప్ఫయ్యొకటో పిల్ల, రెండో తరగతి చదివే లిఖిత, ఆమె కూతురు. బస్సు కిందికి చేరగానే డ్రైవరు సన్యాసిరావు ఒక్క మిస్సుడు కాలు ఇస్తాడు. ఏడూ యాభైకి ఆ ఫోను ఒకసారి మోగి ఆగేదాకా ఆమె గొంతులోకి టీ దిగదు.

కానీ డిపోలో బస్సులు ఎనిమిది. నిబంధన ప్రకారం డ్రమ్ము తీసి చూడాల్సింది నెలకోసారి. ఆ ఘాటులో వారం తిరిగితే చాలు, ఎడం పెరిగిపోతుంది. మనుషుల్నిచ్చి వారానికోసారి చూడనివ్వండని ఆమె మూడుసార్లు అర్జీ పెట్టింది. మూడుసార్లూ ఒకటే జవాబు: "పరిశీలించడమైనది. నిబంధనలలో లేదు." తన పిల్ల ఎక్కే బస్సు ఒక్కటీ చూసుకుంటున్నానే, మిగతా ఏడింటిలో ఎక్కేది ఎవరి పిల్లలు అన్న ఆలోచన అన్నంలో రాయిలా ఆమెకి తగులుతూనే ఉండేది.

సరే, మెమో సంగతి.

సమితి ఆ ఏడాదిని సమభార వత్సరంగా ప్రకటించింది. ఉద్యోగులందరూ సమానంగా పని చెయ్యాలని, ఎవరు ఎంత మోస్తున్నారో కొలవాలని గోడలనిండా రాయించారు. కొలవడానికి ప్రాంతీయాధికారి మార్తాండంగారు బయల్దేరారు. ఆయన అప్పటికే నాలుగు డిపోల్లో మనుషుల్ని కొలిచారు. కొలిచినచోటల్లా పని తక్కువ చేస్తున్నవాళ్ళు కుర్చీల్లో ఉన్నవాళ్ళని తేలుతుండడంతో, ఈసారి మనుషుల్ని వదిలి సామాన్లని కొలుద్దామని ఆయనకి తోచింది.

ఆయన వచ్చేసరికి గౌరయ్య మేస్త్రి ఆరో బస్సు డ్రమ్ము తీసి, రెండు షూలూ బల్లమీద పెట్టాడు. మార్తాండంగారు జేబులోంచి కొలతసాధనం తీసి ముందు షూ లైనరు కొలిచారు. మూడు మిల్లీమీటర్లు మిగిలింది. వెనక షూది కొలిచారు. ఏడు.

"ఏమిటిది?" అన్నారు.

"మామూలే సార్," అన్నాడు గౌరయ్య. "డ్రమ్ము తిరిగే వైపు షూ ఉంటాది సూడండి, దాన్ని డ్రమ్మే లోపలికి లాక్కుంటాది. అది ఇంకా గట్టిగా ఒట్టుకుంటాది. రెండోదాన్నేమో డ్రమ్ము వెనక్కి తోసేత్తాది. అందుకే ముందుది బేగి అరుగుతాది."

"అంటే ఒకరు అరిగిపోతూ పనిచేస్తుంటే, రెండోవారు పక్కన కూర్చుని చూస్తున్నారన్నమాట."

"సూడ్డం కాదు సార్, అదీ ఒట్టుకుంటాది. కొంచెం తక్కువ."

"ఎంతకాలంగా?"

గౌరయ్య బుర్ర గోక్కున్నాడు. "బస్సు పుట్టిన కాడ్నించీ సార్."

నూకరత్నానికి ఆ వెనక షూమీద జాలేసింది. ఎవరి తరఫునైనా ఒక మాట చెప్పకుండా ఉండలేని మనిషి. "అదేటి లేదు సార్, బస్సు రివర్సులో ఎల్తే డ్రమ్ము అటు తిరుగుతాది గదా, అప్పుడు ఇదే ఎక్కువ పని సేత్తాది," అంది.

మార్తాండంగారు కామేశంవైపు తిరిగారు. "రాసుకోండి. సంస్థ ముందుకు సాగునపుడు సహకరించదు. సంస్థ వెనుకకు పోవునపుడు మాత్రము ఉత్సాహము చూపును."

కామేశం రాసుకున్నాడు. నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గౌరయ్య ఆమె చెవి దగ్గర, "ఏటే పిల్లా, మంచి సేద్దామని దాని కొంప ముంచీసినావు," అన్నాడు.

ముందు షూకి అక్కడికక్కడే ఉత్తమ సేవాపత్రం ప్రకటించారు. లైనరుని పట్టి ఉంచే రివిట్లు తేలబోతున్నాయి, లైనరు మార్చాలి అని గౌరయ్య అంటే, ఇంత సేవ చేసినవారిని ఇప్పుడు పక్కనపెట్టడం కృతఘ్నత అవుతుందని, సర్వీసు పొడిగిస్తున్నామని అన్నారు. ఆయన జీపు గేటు దాటేదాకా ఆగి గౌరయ్య కొత్త షూ బిగించాడు. సేవాపత్రం అందుకున్నదాన్ని మేనేజరుగారి గదిలో అద్దాలబీరువాలో పెట్టారు. సన్మానితుడు విధుల్లో ఉన్నట్టే కాగితాల్లో ఉంది.

ఆ తర్వాతే గురువారం వచ్చింది, మెమోలొచ్చాయి. ఎనిమిది బస్సులు, బస్సుకి రెండు వెనక చక్రాలు, మొత్తం పదహారు మెమోలు. "తమ సహచర షూ శ్రమించి అరిగిపోవుచుండగా, తాము ఉద్దేశపూర్వకముగా అరగకుండా ఉండుట విధినిర్వహణలో అలసత్వముగా పరిగణించడమైనది. ఏడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను."

ఏడు రోజులు గడిచాయి. ఒక్క షూ కూడా సంజాయిషీ ఇవ్వలేదు. కామేశంగారు ఆశ్చర్యపోయాడు. ఇరవైరెండేళ్ళ సర్వీసులో ఆయనకి సంజాయిషీ ఇవ్వని ఉద్యోగి తగల్లేదట.

"పదహారింట్లో ఒక్కటైనా నోరు విప్పలేదంటే దీని వెనకాల యూనియనుందమ్మాయ్," అన్నాడు నూకరత్నంతో.

"అవి ఇనపముక్కలు గదా సార్."

"ఇనపముక్కలే. అందుకే ఇంత గట్టిగా ఉన్నాయి."

మార్తాండంగారు కఠినుడేగానీ, దిద్దుకునే అవకాశం ఇవ్వకుండా శిక్షించే మనిషి కాదు. రివర్సులో బాగా పనిచేస్తాయని సాక్ష్యం ఉంది గనక ముందు అలాగే పని అలవాటు చెయ్యమన్నారు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఎనిమిది బస్సులూ డిపో ఆవరణలో వెనక్కి నడుస్తూ నలభై చుట్లు తిరగాలి, ప్రతి చుట్టుకీ పదిసార్లు బ్రేకు తొక్కాలి. పదిహేను రోజులు డిపో గోడమీద జనం కూర్చుని చూశారు. బఠాణీలమ్మేవాడు కూడా వచ్చాడు. సన్యాసిరావు మెడ కుడివైపు తిరిగి అలాగే ఉండిపోయింది.

"సెల్లీ, నిన్న ఇంట్లో మా ఆడది ఎదురుగా నిలబడి మాటాడతంటే నాను గోడకేసి సూసి జవాబు సెప్తన్నాను," అన్నాడు నూకరత్నంతో. "దానికి కోపమొచ్చీసినాది."

పదహారో రోజున కొలిస్తే, ఆ నడక వేగానికి వెనక షూలు గోరంత కూడా అరగలేదు.

అప్పుడు బదిలీ ఉత్తర్వులొచ్చాయి. వెనక షూని ముందుకి, ముందు షూని వెనక్కి. నెలరోజుల తర్వాత మళ్ళీ డ్రమ్ములు తీశారు. మార్తాండంగారు స్వయంగా కొలిచారు. బద్ధకస్తులని పేరుపడ్డవన్నీ ముందు స్థానంలోకి వెళ్ళి బ్రహ్మాండంగా అరిగాయి. ఇన్నాళ్ళూ కష్టపడ్డవన్నీ వెనక స్థానంలోకి వచ్చి నిమ్మళంగా కూర్చున్నాయి.

మేనేజరుగారి గదిలో అందరూ కొలతల కాగితంకేసి చూస్తూ ఉండిపోయారు.

"నాను మొదట్నించీ సెప్తన్నదదే సార్," అన్నాడు గౌరయ్య. "షూది తప్పు కాదు. ఎవుల్ని తెచ్చి కూసోబెట్టినా అంతే. ఆ సీటు తీరే అది."

మేనేజరుగారు తన కుర్చీలో ఒకసారి సర్దుకున్నాడు. కామేశం లేచి నిలబడ్డాడు. మార్తాండంగారు మంచినీళ్ళు తాగి, "సీట్లను గూర్చి వ్యాఖ్యానించుట మేస్త్రి పరిధిలోనిది కాదు," అని రాయించి, ఏ షూ అయినా సరే, ఈ తేదీన వెనక స్థానంలో ఉన్నది నేరం చేసినట్టేనని తేల్చి వెళ్ళిపోయారు.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం మూడింటికి, సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. పదహారు వెనక షూలనూ విచారణ ముగిసేవరకు విధులనుండి తప్పించవలెను. చక్రములనుండి తొలగించి స్టోరులో ముద్రవేసి ఉంచవలెను. రేపటి మొదటి సర్వీసునుండి అమలు.

రేపటి మొదటి సర్వీసంటే ఆరో నంబరు. ఏడుంబావు.

నూకరత్నం చెయ్యి కడుక్కోకుండానే మేనేజరుగారి గదికి పరిగెత్తింది. నల్లటి అయిదువేళ్ళూ తలుపుమీద పడ్డాయి.

"సార్, అది కుదరదు సార్!"

"ఎందుకు కుదరదమ్మాయ్?" అన్నాడు కామేశం. "రెండింట్లో ఒకటి ఉంటుందిగా. సగం బ్రేకు ఉంటుంది. మెల్లిగా వెళ్ళొచ్చు."

"సగం ఉండదు సార్. రెండు షూల మజ్జిన సిలిండరుంటాది. దానికి ఈ పక్కొక పిస్టను, ఆ పక్కొక పిస్టను. ఆయిలు రెండింట్నీ తోస్తాది. ఒక షూ తీసెత్తే ఆ పక్క పిస్టనుకి అడ్డేటుంటాది? పెడలు తొక్కగానే బయటికి దూకెత్తాది. ఆయిలంతా రోడ్డుమీదే. ఇంక రెండో షూ ఉండీ లాభం లేదు. కాలు ఒట్టిగా కిందికెలిపోతాది సార్."

మేనేజరుగారు మంచివాడే. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు తెలుసమ్మా."

"మరి సర్వీసులు ఆపించీయండి సార్."

"సర్వీసు రద్దు చేస్తే నాకు మెమో."

"మరి ఇలగే నడిపిత్తే?"

"నడిపిస్తే ఉత్తర్వు పాటించినట్టు," అన్నాడాయన. అని, ఆ మాట తన చెవినే పడి, మళ్ళీ కళ్ళజోడు తీశాడు. "ఫోను చేశానమ్మా. మూడుసార్లు. భౌతికశాస్త్ర కారణాలు లిఖితపూర్వకంగా పంపండి, వచ్చే సమావేశంలో పరిశీలిస్తాం అన్నారు."

"వచ్చే సమావేశం ఎప్పుడు సార్?"

"పై నెల."

బయట సన్యాసిరావు నిలబడి ఉన్నాడు, మెడ ఇంకా కుడివైపే ఉంది. "నాను తోలను సెల్లీ. ఉద్యోగం పోతే పోనీ."

"నువ్వు తోలకపోతే ఇంకొకడ్ని ఎక్కిత్తారు అన్నయ్యా. ఆడికి మలుపులు కూడా తెలవ్వు."

ఆమె చక్రం దగ్గరికొచ్చి కూలబడింది. లిఖితకి జ్వరమని చెప్పి రేపు బడి మాన్పించెయ్యొచ్చు. ఎల్లుండి కడుపునొప్పి. ఆ తర్వాత? తన కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టుకుని, ముప్ఫైమంది కిటికీల్లోంచి చేతులూపుతూ పోతుంటే తను గేటు దగ్గర నిలబడి టాటా చెప్పగలదా? పద్యం అప్పజెప్పుకుంటూ వెళ్ళే తన పళ్ళూడిన కూతురికి ఏమని చెప్పగలదు?

గౌరయ్య వచ్చి పక్కన చతికిలబడ్డాడు. నేలమీది నట్టొకటి తీసి తుడిచాడు. తర్వాత ఊరికే అన్నాడు. "మీ అయ్యని కూడా ఇలగే సస్పెండు సేసినారు. గుర్తుందేటే?"

గుర్తుంది. అప్పుడు ఆమెకి ఆరేళ్ళు. బ్రేకు సరిగా లేని బస్సుకి సంతకం పెట్టనన్నాడని పోలయ్యని నాలుగు నెలలు కూర్చోబెట్టారు. అందరికీ ఆ నాలుగు నెలలూ కష్టంగానీ, ఆమెకి మాత్రం అయ్య రోజంతా ఇంట్లోనే ఉండేవాడు. మేనత్త పెళ్ళి పక్క ఊళ్ళోనే, నాలుగు మైళ్ళు. ఇంట్లో అందరూ వెళ్ళారు. అయ్య వెళ్ళలేదు. గడపలో కూర్చుని, "నాను కదిలితే ఇంకో మెమో ఇచ్చెత్తారే," అన్నాడు. పెళ్ళిలో పెట్టిన లడ్డూ కాగితంలో చుట్టి తెచ్చి తనే ఆయన నోట్లో పెట్టింది.

నూకరత్నం చటుక్కున లేచింది.

"కామేశంగారూ!" ఈసారి తలుపు కూడా తట్టలేదు. "ఆ ఉత్తర్వు ఆకరిదాకా సదవండి సార్."

"చదివాం కదమ్మాయ్."

"మీరు మజ్జినదాకా సదివి ఆపీసినారు. అడుగున సిన్న అచ్చరాల్లో ఉంటాది సూడండి. సస్పెండయినోళ్ళందరికీ ఒకేలా ఉంటాది."

కామేశం కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అచ్చువేసిన ఫారమే, షూ పేరు, స్టోరు సంగతి మాత్రం చేత్తో రాశారు. అడుగున చదివాడు. "సస్పెన్షను కాలములో సదరు ఉద్యోగి, విచారణకు పిలిచినపుడు తప్ప, తన హెడ్‌క్వార్టరును విడిచి వెళ్ళరాదు. అట్లు వెళ్ళినచో, వెళ్ళుటకు సహకరించినవారు సైతము చర్యకు బాధ్యులగుదురు."

"షూ హెడ్‌క్వార్టరు ఏటి సార్?"

కామేశం ఆరో నంబరు బస్సు మెయింటెనెన్సు కార్డు తీశాడు. షూ గడి ఎదురుగా వేలు పెట్టాడు. "పనిచేయు స్థలము... వెనుక ఎడమ చక్రము... డ్రమ్ము లోపల."

"స్టోరు అని ఎక్కడైనా ఉందా సార్?"

"లేదు."

"మరి దాన్ని అక్కణ్ణించి బయటికి ఎవుడు తీత్తాడు?"

మేనేజరుగారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఎవరి కంటనీళ్ళకీ కరగని కామేశంగారి మొహం, ఒక నిబంధన ఇంకో నిబంధనకి అడ్డం పడడం చూసి పువ్వులా విప్పారింది. "తియ్యకూడదు! తీస్తే ముద్దాయిని హెడ్‌క్వార్టరు దాటించిన నేరం. నేను తియ్యను. మీరూ తియ్యకూడదు సార్. ప్రాంతీయాధికారిగారు కూడా తియ్యకూడదు!"

అయిదింటిలోపే ఆ సంగతి ఫోనులో మార్తాండంగారికి నివేదించారు. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. నిబంధన ఆయన కూడా చదువుకున్నదే. చివరికి, "సరే, హెడ్‌క్వార్టరులోనే ఉండనివ్వండి," అన్నారు. ఓడిపోవడం అలవాటులేని మనిషి గనక వెంటనే ఒక మాట కలిపారు. "కానీ సస్పెన్షనులో ఉన్నవారు ప్రతిదినము హాజరు వేయించుకోవలెను. షూలు హెడ్‌క్వార్టరులోనే ఉన్నవని ఏమిటి నమ్మకం? రోజూ, ప్రతి సర్వీసుకు ముందు, డ్రమ్ము తీసి, ముఖాముఖి చూసి, బాధ్యతగల ఉద్యోగి సంతకం చేయవలెను. ఎంతమంది కావాలంటే అంతమందిని తీసుకోండి. క్రమశిక్షణ విషయంలో రాజీ లేదు."

మేనేజరుగారు ఫోను పెట్టేసి నూకరత్నంకేసి చూశాడు. ఆమె మొహం ఎందుకు వెలుగుతోందో ఆయనకి కాసేపు అర్థం కాలేదు.

"మరోసారి సెప్పండి సార్," అంది. "రోజూనా? ఎనిమిది బస్సులకీనా?"

అలా నేరేడుగుడ్డి డిపోలో హాజరు విభాగం ఏర్పడింది. నలుగురు కొత్త మనుషులు, రెండు కొత్త జాకీలు, ఒక పెద్ద హాజరు పుస్తకం. ఆమె మూడు అర్జీలు పెట్టి, వారానికోసారి అడిగితే దొరకని పని, ఇప్పుడు రోజుకోసారి జరగకపోతే మెమో ఇచ్చేటంత తప్పనిసరి అయిపోయింది. హాజరు పేరుతో డ్రమ్ము తీసేవారు. తీశారు గనక లైనరు దుమ్ము, ఊదితే ముక్కుల్లోకి పోతుందని, తడిగుడ్డతో తుడిచేవారు. సిలిండరు చెమ్మగిల్లిందేమో, స్ప్రింగు సాగిందేమో చూసేవారు. ముద్దాయి ఉన్నదని సంతకం చేసి, డ్రమ్ము బిగించి, ఎడం సరిచేసి, గుసగుస విని వదిలేవారు. సస్పెన్షనులో ఉన్న షూలు ముందు చేసినంత పనీ చేస్తూనే ఉన్నాయి. వాటినెవరూ అడగలేదు, అవీ చెప్పలేదు. ఘాటు దిగే బస్సులు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగేవి. సన్యాసిరావు మెడ కూడా మెల్లిగా దారికొచ్చింది.

మూడు నెలలకి మార్తాండంగారు విచారణ ముగించడానికి వచ్చారు. హాజరు పుస్తకం తిరగేశారు. ఒక్కరోజు కూడా గైర్హాజరు లేదు, ఒక్కరోజు కూడా ఆలస్యం లేదు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇటువంటి హాజరును నా సర్వీసులో చూడలేదు. పశ్చాత్తాపమంటే ఇదే. పదహారు షూలనూ గౌరవప్రదంగా విధులలోనికి తీసుకొనుచున్నాము. కామేశంగారూ, రాసుకోండి."

నూకరత్నం బల్ల దగ్గరికొచ్చింది. "అయితే రేపట్నించి హాజరు సార్?"

"అవసరం లేదు. పాతపద్ధతి ప్రకారం నెలకోసారి చాలు. ఆ నలుగురినీ వెనక్కి పంపించండి. సాక్షులెవరైనా చెప్పేదుంటే చెప్పవచ్చును. ముద్దాయిలపట్ల నీకు మొదటినుంచీ సానుభూతి ఉందికదమ్మా, ఒక మంచిమాట చెప్పు."

ఆమె అందరికేసీ చూసింది. బల్లమీద, విచారణకి పిలిపించిన ఆరో నంబరు బస్సు వెనక షూ ఉంది, ఏమీ ఎరగనట్టు. దాని తరఫున ఇన్నాళ్ళు మాట్లాడింది తనే.

"నాను అబద్ధం సెప్పలేను సార్," అంది నెమ్మదిగా. "అది మారలేదు."

మార్తాండంగారి కలం ఆగింది. "ఏమిటీ?"

"హాజరంతా పైకే సార్. పని కాడ అదే తీరు. మొన్న కొలిసినాను. ముందుది నాలుగు మిల్లీమీటర్లు అరిగితే, ఇది ఒకటి. తేడా ఉంది సార్, కావాలంటే మీరే సూడండి."

మేనేజరుగారు తెల్లబోయాడు. గౌరయ్య మేస్త్రి ఆమెకేసి ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు. "అవున్సార్. నలభై ఏళ్ళనించీ సూస్తన్నాను. దీని బాబూ ఇంతే, దీని తాతా ఇంతే. దీన్ని రోజూ ఒక కంట కనిపెట్టి ఉండాల్సిందే."

మార్తాండంగారు స్వయంగా కొలిచారు. కొలత నిజమే. ఆయన మొహం ఎర్రబడింది. ఇప్పుడే కన్నీళ్ళు పెట్టుకున్నందుకు సిగ్గు కూడా పడ్డట్టున్నారు.

"నన్నే మోసం చేసిందన్నమాట. రాసుకోండి. సస్పెన్షను నిరవధికముగా పొడిగించడమైనది. దినసరి హాజరు కొనసాగవలెను. ఆ నలుగురు చాలరు, ఇంకొకరిని ఇవ్వండి."

మర్నాడు తెల్లారి నూకరత్నం ఆరో నంబరు బస్సు చక్రం లేపి డ్రమ్ము తీసింది. తడిగుడ్డతో వెనక షూని మామూలుకంటే కాస్త ఎక్కువసేపు తుడిచింది. "నీమీద సెడ్డగా సాచ్చెం సెప్పినాను," అంది. "ఏటీ అనుకోకు. నీకెలాగూ జీతం లేదు, ప్రమోషనూ లేదు." డ్రమ్ము ఎక్కించి, నట్లు బిగించి, కన్నంలోంచి స్క్రూడ్రైవరు దూర్చి చక్రం బిగిసేదాకా తిప్పింది. టిక్కు టిక్కుమని వదులు చేసింది. చక్రాన్ని చేత్తో తోసి చెవి ఒగ్గింది. పక్కగదిలో ఎవరో గుసగుసలాడారు.

పుస్తకంలో "హాజరు" అని రాసి సంతకం చేసింది.

ఏడుంబావుకి బస్సు గేటు దాటింది. కిటికీలోంచి లిఖిత పళ్ళూడిన నోటితో ఏదో అరిచి చెయ్యి ఊపింది. ఏడూ యాభైకి ఫోను ఒకసారి మోగి ఆగింది. నూకరత్నం చల్లారిపోయిన టీని ఒక్క గుక్కలో తాగేసి, ఎనిమిదిన్నరకి వెళ్ళాల్సిన రెండో నంబరు బస్సు కింద జాకీ పెట్టడానికి లేచింది.